కాఫీకి కొత్త పండగ

యర్రమ్మ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. సంతలో ఉప్పు కొంటే కొట్టువాడు తూచి ఇచ్చిన పొట్లాన్ని అరచేతిలో పెట్టుకుని మళ్ళీ తూచేది. బస్సు కండక్టరు చిల్లర తర్వాత ఇస్తానంటే దిగేదాకా అతని సంచీ మీంచి చూపు తిప్పేది కాదు. ఇక మొగుడు సుక్రు సంగతి చెప్పనే అక్కర్లేదు. డుంబ్రిగుడ సంత నుంచి అతను రాగానే వాకిట్లో నిలబెట్టి, తువ్వాలు లాక్కుని సారా వాసన ఉందేమో చూసి, ఆ తర్వాతే లోపలికి రానిచ్చేది. వాళ్ళ ఊరు పనసపుట్టులో ఈ సంగతి తెలియని గడప లేదు. మగాళ్ళు నవ్వేవాళ్ళు. ఆడవాళ్ళూ నవ్వేవాళ్ళు గానీ, వాళ్ళలో ఒకరిద్దరు తమ మొగుళ్ళ తువ్వాళ్ళు చూడటం మొదలుపెట్టారు.

"నానేటి దొంగనా?" అనేవాడు సుక్రు.

"దొంగవని నానన్నానా? ఇంట్లో డబ్బు నిలవట్నేదు. దానికేటి కాళ్ళున్నాయా ఎల్లిపోడానికి?" అనేది యర్రమ్మ.

ఆమె అనుమానాన్ని తప్పు పట్టడానికీ లేదు. తొంభైల మొదట్లో ప్రభుత్వం వాళ్ళు కొండవాలులో వాళ్ళకున్న రెండెకరాల్లో కాఫీ మొక్కలు, వాటి నీడకి సిల్వర్ ఓక్ చెట్లు పెట్టించారు. నాలుగేళ్ళకి కాపు మొదలైంది. అంతకుముందు ఏడాది పొడుగునా చూడని డబ్బు ఒక్క పుష్యమాసంలో కళ్ళజూశారు. చూశారు, అంతే. ఉగాది నాటికి మళ్ళీ కిరసనాయిలుకి వెతుక్కోవడమే. కొర్రలూ సామలే పండించుకున్న రోజుల్లోనూ కరువుండేది. కానీ అది ఎందుకొచ్చిందో తెలిసేది. వాన పడలేదనో, అడివిపంది మేసిపోయిందనో చెప్పుకోవచ్చు. కాఫీ డబ్బు ఎటు పోయిందో మాత్రం ఎంత తల బద్దలు కొట్టుకున్నా అంతుపట్టేది కాదు.

ఆ డబ్బు అయిపోయే వేళకి సింహాచలం దిగేవాడు. శృంగవరపుకోట నుంచి జీపులో కొండెక్కి వచ్చే సావుకారి అతను. చైత్రంలో ఒక మంచి వాన పడితే కాఫీ తోటలన్నీ రెండు మూడు రోజుల్లో తెల్లగా పూస్తాయి. ఆ పూత వాడకముందే అతను ఊళ్ళో ఉండేవాడు. చెట్టు మీద పూత చూసి చేతిలో డబ్బు పెట్టేవాడు. పంటొచ్చాక గింజలు అతనికే, అతను చెప్పిన ధరకే పొయ్యాలి. దాన్ని అందరూ పూతడబ్బు అనేవారు. అయిదొందలో ఎనిమిదొందలో తీసుకుంటే ఆ ఏటి పంటతో తీరేది. రెండు వేలు తీసుకున్నవాడి తోట మాత్రం అయిదేళ్ళపాటు సావుకారిదే. ఇది సింహాచలం పెట్టిన కట్టుబాటు. గిరిజనుల భూమి మైదానం నుంచి వచ్చే కిందోళ్ళు రాయించుకోకూడదని చట్టం ఉంది కాబట్టి అతను ఏమీ రాయించుకోడు. ఊరికే అనుభవిస్తాడు. ఎవరైనా అడిగితే, నేనెప్పుడు రాయించుకున్నానయ్యా అని చేతులు చూపిస్తాడు.

ఎదురింటి సోంబరు తోట అలాగే పోయింది. కూతురి పురుడు కష్టమై విశాఖపట్నం తీసుకెళ్ళాల్సి వచ్చి రెండు వేలు తీసుకున్నాడు. అప్పటినుంచి తన చెట్ల కాయలు తనే కూలికి కోస్తున్నాడు. సాయంత్రం సింహాచలం మనిషి బుట్ట తూచి కూలి ఇస్తుంటే సోంబరు చెయ్యి చాపడం యర్రమ్మ తన గుమ్మంలోంచి చూసేది. చూసిన రోజు ఆమెకి అన్నం సహించేది కాదు. ఏదో ఒక చైత్రంలో తన మొగుడు కూడా ఆ రెండు వేలు పట్టుకొచ్చేస్తాడని, తన చెట్ల కింద తనే కూలి కోసం నిలబడాల్సి వస్తుందని ఆమెకి పట్టరాని భయం. ఆమెకి లోకంలో కావలసింది ఒక్కటే. ఆ రెండెకరాల కాయలు తన బుట్టలో పడాలి.

ముందు దొంగను పట్టుకోవాలనుకుంది. ఆ ఏడు పసుపు అమ్మిన డబ్బుని ఎండిన ఆనపబుర్రలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, దూలానికి వేలాడదీసింది. గుడ్డకి వేసిన ముడి వాళ్ళమ్మ నేర్పింది. దాన్ని విప్పి మళ్ళీ అలాగే వేయడం సుక్రు వల్ల అయ్యే పని కాదు. పొద్దున్నే లేచి ముడి చూసేది, సాయంత్రం చూసేది. ముడి ఎప్పుడూ తను వేసినట్టే ఉంది. వానాకాలం వచ్చేసరికి బుర్రలో డబ్బు మాత్రం సగం కూడా లేదు. సుక్రు ఎవరిచేతనో ముడి వేయించుకుంటున్నాడని కొన్నాళ్ళు అనుకుంది. వాళ్ళ ఇంటికి వచ్చిపోయే ఆడవాళ్ళ వేళ్ళు గమనించింది. ఏమీ తేలలేదు.

ఆ రోజుల్లోనే ఆమె అనుమానం బేబి మీదికి కూడా మళ్ళింది. బేబి ప్రార్థన మందిరం పాస్టరు భార్య, పాడేరు వైపు మనిషి. తన కూతురు కనక మలేరియా వచ్చి బతికి బయటపడినప్పటినుంచీ యర్రమ్మ ఆదివారాలు మందిరానికి వెళుతోంది. సుక్రు మాత్రం పాత దేవుళ్ళనే పట్టుకుని ఉన్నాడు. ఆ విషయంలో వాళ్ళిద్దరికీ తగువు లేదు, తగువుకి వేరే విషయాలు చాలా ఉన్నాయి. ప్రార్థన అయ్యాక బేబి ఆడవాళ్ళను కూర్చోబెట్టి డబ్బు సంగతులు మాట్లాడేది. చేతికొచ్చింది ఖర్చు పెట్టగా మిగిలింది దేవుడికి ఇవ్వడం కాదు, ముందే దేవుడి భాగం తీసి పక్కన పెట్టాలి, ఆ తర్వాత మీకు ఏది ముఖ్యమో దానికి తీయాలి, మిగిలినదాంతో బతకాలి అని చెప్పేది. ప్రథమ ఫలం అనేది. అది విన్న యర్రమ్మకి విషయం ఇట్టే అర్థమైపోయింది. ఓహో, చివరికి కానుకల సంచీ దగ్గరికి తెచ్చిందన్నమాట అనుకుంది.

అందరూ వెళ్ళాక బేబి దగ్గరికి పోయి మొహం మీదే అడిగింది. "దేవుడి బాగం అన్నావు. అది నీ సేతిలో ఎట్టాలా, మీ ఆయన సేతిలోనా?"

బేబి కోప్పడలేదు. "ఎవరి సేతిలోనూ వద్దక్కా. నీ ఇంట్లోనే ఏలాడదియ్యి. ఎవరికిత్తావో ఏడాది పోయాక నువ్వే సూసుకో. ముందు తియ్యడం నేర్సుకో సాలు."

ఇది యర్రమ్మను మరింత కంగారు పెట్టింది. డబ్బు అడిగేవాళ్ళను ఎలా ఎదుర్కోవాలో ఆమెకి తెలుసు, అడగనివాళ్ళతో ఏం చేయాలో తెలియదు. గేలానికి ఎర గుచ్చుతోందేమో అనుకుంటూ ఇంటికి వచ్చింది. అయినా ఆ మాట బుర్రలోంచి పోలేదు.

భాద్రపదంలో ఆమె అన్న వచ్చాడు. పక్క ఊరు నుంచి ఉదయమే నడిచి బయల్దేరినట్టున్నాడు, ముఖం ఆకలితో పీక్కుపోయి ఉంది. కొర్రలు కోతకొచ్చిన రోజులవి. కోసిన కంకులు వసారాలో దూలం నిండా కట్టి ఉన్నాయి. అతను ఆ కంకుల కిందే కూర్చున్నాడు. యర్రమ్మ పోసిన అంబలి తాగాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, ఇంటిమీద పెంకులు వేయించాలి, ఒక రెండొందలు కావాలి అన్నాడు. యర్రమ్మ లేచి బుర్ర దింపి, ముడి విప్పి, రెండొందలు తీసి ఇచ్చేసింది.

ఇచ్చి, ముడి మళ్ళీ వేస్తుంటే ఆమె వేళ్ళు ఆగిపోయాయి. దొంగ ఎవరో అప్పుడు కనిపించాడు. పసుపు డబ్బులో ఆడపడుచు ఆసుపత్రికి ఇచ్చింది తను. మరిది పెళ్ళిలో మేకపోతుకి ఇచ్చింది తను. సంతకెళ్ళే సుక్రుకి విసుక్కుంటూ ఇచ్చింది కూడా తనే. ముడి విప్పిన వేళ్ళు తనవే. ఇన్నాళ్ళూ మొగుడి తువ్వాలు వాసన చూస్తూ తన చేతులు తను చూసుకోలేదు. ఆమెకి సిగ్గేసింది, వెంటనే కోపమూ వచ్చింది. అయితే ఏం చేయాలి? కొండ మీద మనుషులు ఉన్నది లేదనరు. అడిగినవాడికి లేదనడం ఒక తప్పు, ఉంచుకుని లేదనడం అంతకంటే పెద్ద తప్పు.

అన్న లేచి నిలబడ్డాడు. తల కంకులకి తగిలితే పక్కకి వంగి జాగ్రత్తగా తప్పుకున్నాడు. అప్పుడు యర్రమ్మకి రెండో సంగతి తట్టింది. ఈ మనిషి ఇంట్లో గింజ లేదు, పిల్లలు ఆకలి మీద ఉన్నారు. కంకులు నెత్తిమీద వేలాడుతున్నాయి. అయినా అతను డబ్బు అడిగాడు గానీ గుప్పెడు కొర్రలు అడగలేదు.

"అన్నా, కొర్రలెందుకడగనేదు?" అంది.

అతను ఆమెకేసి వింతగా చూశాడు. "కొత్త అవనేదు కదే."

కొత్త అంటే ఆ కొండల్లో అందరికీ తెలిసిందే. కొర్రైనా, చిక్కుడైనా, మామిడైనా, కొత్త పంటను ముందు దేవుడికి పెట్టి, ఊరంతా కలిసి ఒకేరోజు తింటారు. కోసి దాచుకుంటారు గానీ, ఆ రోజు వచ్చేదాకా ఎవరి పంట వాళ్ళయినా తినడానికి ముట్టుకోరు. ముట్టుకుంటే పులి పడుతుందని పెద్దలు చెప్పేవారు. పులులు ఎప్పుడో పోయాయి, అయినా ఎవరూ ముట్టుకోరు. ఎవరూ అడగరు కూడా. కాబట్టి లేదనాల్సిన అవసరం రాదు. ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఆ సాయంత్రం దాకా యర్రమ్మ వసారాలోనే కూర్చుంది. తాతల నుంచి వచ్చిన ప్రతి పంటకీ కొత్త ఉంది. ప్రభుత్వం వాళ్ళు తెచ్చిన కాఫీకి లేదు. కొత్త అంటే తినడానికి కదా, కాఫీని ఈ కొండ మీద ఎవరూ తినరు, తాగరు. మరి దానికి కొత్త ఎందుకని ఎవరికీ తోచలేదు. అందుకని ఆ డబ్బు వచ్చింది వచ్చినట్టు పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ, అడిగినవాళ్ళూ అడగనివాళ్ళూ తినేశారు. ఎంత పిచ్చిపని చేశామే అనుకుంది.

మర్నాడు పూజారి భీముడి దగ్గరికి పోయింది. భీముడికి డెబ్బై దాటాయి, చెవి బాగానే వినిపిస్తుంది గానీ నచ్చని మాట వినిపించదు.

"కాఫీకి కొత్త ఎట్టు తాతా."

"తినని పంటకి కొత్త ఏటే?"

"తినట్నేదని ఎవులన్నారు? సెట్టు మీద పూత నుండే తింటన్నారు. కాయ అవకముందే తినేత్తన్నారు. కొర్రపంట ఎన్నులో పాలు పట్టకముందే ఎవుడైనా తింటే ఊరుకుంటావేటి నువ్వు?"

భీముడు చుట్ట నోట్లోంచి తీశాడు. "నువ్వు ఆదివారం మందిరానికెల్తావు. మా కొత్త నీకెందుకు?" అన్నాడు. అనుమానించడం యర్రమ్మ ఒక్కదాని సొత్తేమీ కాదు. ఆమె మొహమాటం లేకుండా చెప్పింది. "ముందు దేవుడికి తియ్యమని అక్కడా సెప్తన్నారు, ఇక్కడా సెప్తన్నారు. ఇద్దరూ ఒకటే సెప్పినప్పుడు అబద్ధం అవదు గావాల." ఆ మాట భీముడికి నచ్చింది.

ఊరు ఒక్కసారిగా ఒప్పుకోలేదు. ఇదేదో యర్రమ్మ డబ్బు దాచుకోవడానికి ఎత్తు అన్నారు కొందరు. మందిరంలో ఇద్దరు ముగ్గురు, ఇది రాళ్ళకి మొక్కడం కాదా అని గుసగుసలాడారు. అది కూడా ప్రథమ ఫలమేనని బేబి చెప్పింది. బేబి అంత తొందరగా ఎందుకు ఒప్పుకుందా అని యర్రమ్మ నాలుగు రోజులు ఆలోచించింది. చివరికి ఊళ్ళో సగం ఇళ్ళు కలిశాయి. ఆ ఏటి పంట ఎలాగూ పూతలోనే తినేశారు. వచ్చే ఏటి పంట మీద, పూత మొదలు కొత్త అయ్యేదాకా ఎవరూ ఒక్క రూపాయి తినకూడదని ఊరి బారిక వీధివీధీ తిరిగి కేక వేశాడు. తిన్నవాడు కొత్తలో కలవకూడదు, ఊరికి కోడిపుంజు తప్పు కట్టాలి.

యర్రమ్మ దూలానికి ఇంకో మూడు బుర్రలు కట్టింది. కూలి డబ్బొచ్చినా, చింతపండు అమ్మినా ముందు దేవుడి బుర్రలో వేసేది. తర్వాత తోటకి, తర్వాత ఇంటికి. నాలుగోది అడిగినవాళ్ళది. అది బేబి చెప్పింది కాదు, యర్రమ్మే పెట్టుకుంది. ఎవరైనా వస్తే ఆ బుర్ర దింపి వాళ్ళ ఎదుటే బోర్లించేది. ఉంటే ఇచ్చేది. లేకపోతే ఖాళీ బుర్ర చూపించి, అబద్ధమాడకుండానే లేదనగలిగేది. మొదటిసారి అలా అన్నప్పుడు ఆడపడుచు మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. యర్రమ్మకి బాధేసింది గానీ, ఆ రాత్రి ఆమెకి నిద్ర బాగానే పట్టింది.

రెండు వేల సంవత్సరం చైత్రంలో వాన పడింది. కొండంతా తెల్లగా పూసింది, గాలి తిరిగితే ఇళ్ళలోకి కూడా ఆ వాసన వచ్చేది. సింహాచలం జీపు కూడా వచ్చింది. ఆ వారమంతా యర్రమ్మ సుక్రు వెనకే తిరిగింది. అతను తోటకెళ్తే తోటకి, నీళ్ళకెళ్తే నీళ్ళకి. "ఒలే, నానేటి పారిపోతానా? బేగి ఇంటికెల్లు, మన గుంట కనకకి అన్నం ఒండు" అని అతను కసిరాడు. సింహాచలం ఇద్దరినీ చూసి నవ్వి, ఏమీ అడగకుండానే వెళ్ళిపోయాడు. అడక్కపోవడమే ఆమెకి నచ్చలేదు. సంతరోజున మాత్రం కనకకి జ్వరం తగిలి ఆమె ఇంట్లో ఉండిపోవలసి వచ్చింది. సుక్రు ఆలస్యంగా వచ్చాడు. తువ్వాలు వాసన రాలేదు. చెరువులో తడిపి తెచ్చినట్టు తడిగా ఉంది.

"దీన్నెందుకు తడిపినావు?"

"ఎండగా ఉంది."

ఆ తడి తువ్వాలు ఆమె మనసులో తొమ్మిది నెలలు ఆరలేదు. కాయ పచ్చగా ఉన్నప్పుడూ, ఎర్రబడినప్పుడూ, కోసి వాకిట్లో ఎండబెట్టినప్పుడూ ఆమె అతని మొహం కేసి చూస్తూనే ఉంది. అతను బాగానే ఉన్నాడు. తోటలో ముందుకంటే ఎక్కువ పనిచేశాడు. ఎన్నడూ లేనిది ఇంత పని ఎందుకు చేస్తున్నాడని అది కూడా ఆమెకి అనుమానమే.

పుష్యమాసంలో భీముడు రోజు పెట్టాడు. ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. కొత్తలో తినేదేమిటి? కాఫీ కాయడం పనసపుట్టులో ఎవరికీ రాదు. బేబి అరకులో ఎవరింట్లోనో చూసిందట. గింజలు పెనం మీద నల్లగా వేయించి, రోట్లో దంచి, బెల్లంతో పెద్ద డేకిసాలో కాచింది. ఊరి నడుమ దేవుడి రాళ్ళ గద్దె దగ్గర అందరూ కూడారు. ఎండిన గింజల బస్తాలు పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. కొత్తలో కలవని ఇళ్ళవాళ్ళు కూడా తమాషా చూడ్డానికి వచ్చారు. యర్రమ్మ దేవుడి బుర్రలో సగం మందిరం పైకప్పుకి ఇచ్చి, సగంతో గద్దె దగ్గర కోడిని కొనిచ్చింది. ఇద్దరు దేవుళ్ళలో ఎవరినీ పూర్తిగా నమ్మి మొత్తం ఇచ్చే ధైర్యం ఆమెకి చాలలేదు.

అప్పుడే జీపు చప్పుడు వినిపించింది. సింహాచలం దిగి, బస్తాలన్నీ కళ్ళతోనే లెక్కపెట్టుకుని, యర్రమ్మ ముందుకి వచ్చాడు.

"ఏటి యర్రమ్మా, పండగ సేత్తన్నారట. సేసుకోండి, మంచిదే. నీ బస్తాలు మాత్రం జీపెక్కించు. నీ తోట అయిదేళ్ళు నాదే."

"నీకెందుకు?"

"మీ ఆయన పూత మీద రెండు వేలు తీసుకున్నాడు. చైత్రంలో, సంతలో. అడుగు."

అందరూ సుక్రు వైపు తిరిగారు. సుక్రు నేలచూపులు చూస్తూ, "నాను తీసుకోనేదు. ఆడు అబద్ధమాడుతున్నాడు" అన్నాడు.

"ఈడే అబద్ధమాడుతున్నాడు" అన్నాడు సింహాచలం తేలిగ్గా.

యర్రమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. సావుకారి మాట నమ్మితే తోట పోయింది. మొగుడి మాట నమ్ముదామంటే ఆ తడి తువ్వాలు అడ్డొస్తోంది. ఒకడు రెండు వేలంటాడు, ఒకడు ఏమీ లేదంటాడు, తనకి ఇద్దరి మీదా నమ్మకం లేదు. సోంబరు గుంపులో వెనకాల నిలబడి ఉన్నాడు. ఆమె అటు చూడలేకపోయింది. అక్కడ అంతమంది ముందు ఏడవడం ఇష్టం లేక గరిటె అందుకుంది.

"ముందు కొత్త అవనీ" అంది.

భీముడు మొదటి డొప్ప గద్దె మీద పోశాడు. ఆ తర్వాత ఒక్కో ఇంట్లో ముందు చెట్ల యజమాని తాగాలి, ఆ పైనే ఇంట్లోవాళ్ళు. యర్రమ్మ ఆకుడొప్పలో కాఫీ పోసి సుక్రు చేతికిచ్చింది. అది పొగలు కక్కుతోంది. సుక్రు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నోటి దాకా ఎత్తాడు. అక్కడే ఆగాడు. అందరూ చూస్తున్నారు. వేడికి ఆగాడనుకున్నారు కొందరు. డొప్పలోంచి పొగ తగ్గిపోయింది, అతను ఇంకా తాగలేదు.

చివరికి వంగి ఆ డొప్పను నేలమీద పెట్టేశాడు.

"నాను తాగకూడదు" అన్నాడు. "తినేసినాను. అయిదొందలు. సంతలో సారా తాగినాను, మిగిలింది కోడిపందెంలో పోనాది. రెండు వేలు కాదు. అయిదొందలే."

సింహాచలం పెద్దగా నవ్వాడు. "ఇందాక తీసుకోనేదన్నాడు, ఇప్పుడు అయిదొందలంటన్నాడు. ఇంకాసేపాగితే రెండు వేలని ఆడే ఒప్పుకుంటాడు."

"కొత్త వొగ్గేసినోడు అంకె దాసుకుంటాడేటి?" అన్నాడు భీముడు. "అబద్ధమే ఆడాలంటే ఆ డొప్ప తాగీసి ఊరుకుండేవోడు. నీది రెండు వేలే అయితే నువ్వు తాగు సావుకారీ."

సింహాచలం ఏమాత్రం వెనకాడలేదు. గరిటెతో తనే డొప్పలో పోసుకుని గటగటా తాగేశాడు. కాఫీ అతనికి రోజూ అలవాటే. మూతి తుడుచుకుని, బెల్లం సరిపోలేదు, పంచదార లేదా అని అడిగాడు.

కొత్తంటే భయం లేనివాడు తాగితే అది సాక్ష్యం ఎలా అవుతుంది? అందరూ అతన్ని చూశారు, నేలమీదున్న డొప్పను చూశారు. ఇద్దరు ముగ్గురు తమ బస్తాల మీద చేతులు వేసి నిలబడ్డారు. కొత్తలో కలవని ఇళ్ళవాళ్ళు కూడా అతని జీపు దగ్గర నుంచి ఇవతలికి జరిగారు. ఆ ఊరి గింజలన్నీ అతనికి కావాలి. ఈ ఒక్క తోట కోసం పట్టుబడితే మిగతా బస్తాలన్నీ అరకు సంతకి పోతాయని అర్థం చేసుకోలేనంత అమాయకుడు కాదు సింహాచలం.

యర్రమ్మ తన బస్తా ఒకటి విప్పింది. అయిదొందలకీ దాని వడ్డీకీ సరిపడా గింజలు, పూత ధరకి కాదు, ఆ వారం సంతలో నడుస్తున్న ధరకి, అందరి ముందూ తూచి అతని ముందు పోసింది. ఒక గింజ ఎక్కువ పోయలేదు, ఒక గింజ తక్కువ పోయలేదు. సింహాచలం ఏదో గొణుక్కుంటూ వాటిని జీపులో వేయించుకున్నాడు. పూత మీద మళ్ళీ కలుద్దాం అని వెళ్ళిపోయాడు.

తర్వాత ఊరంతా కాఫీ తాగింది. చేదుకి అందరి మొహాలూ వంకర్లు తిరిగాయి. ఇంతా చేసి కిందోళ్ళు తాగేది దీన్నా అని ఒకావిడ ఉమ్మేసింది. సోంబరు ఒక్క గుక్క తాగి, ఇంకా రెండేళ్ళు పోతే నా తోట కూడా ఇందులో కలుపుతాను అన్నాడు. తోట తనదేనని యర్రమ్మకి అప్పటికి గానీ లోపలికి దిగలేదు. అప్పుడు ఏడ్చింది. ఆపుకోలేదు.

సుక్రు గుంపుకి దూరంగా, తాగనివాళ్ళు కూర్చునే చోట ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఊరికి ఒక కోడిపుంజు తప్పు కట్టాలి. వచ్చే పుష్యమాసం దాకా కొత్తలో కలవకూడదు. యర్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుని అతని దగ్గరికి వెళ్ళింది. తిడుతుందని అతను తల వంచుకున్నాడు.

"అయిదొందలేనా?" అని ఆమె అడగబోయింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను చెప్పిన ప్రతి అంకెనీ ఆమె మళ్ళీ అడిగింది, మూడోసారీ అడిగింది, తువ్వాలునీ అడిగింది.

ఈసారి అడగలేదు. పక్కన కూర్చుంది.

"కోడి నాను కొంటాలే" అంది.